ఉప్పుగాలి తిన్న 2012 ల్యాప్‌టాప్: ఏది ముందు బాగు చేయాలి?

పెదవాల్తేరు పాఠకుడు:

నమస్కారమండీ. ముందు బండి వివరాలు. 2012 నాటి 14 అంగుళాల ఆఫీసు రకం ల్యాప్‌టాప్. మూడో తరం ఐ5, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు, విండోస్ 10. విశాఖ పెదవాల్తేరులో సముద్రపు గాలి నేరుగా తగిలే గదిలో ఉంటుంది. దీంతో చేసే పని తెలుగు టైపింగు (సగం యూనికోడ్, సగం పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో), బ్రౌజరు, యూట్యూబులో పాఠాలు. అంతే.

ఇక రోగాలు. ఆన్ చేయగానే పవర్ అడాప్టర్ రకం తెలియడం లేదని నల్ల తెర మీద మెసేజి వస్తుంది. ఎఫ్1 నొక్కితే ముందుకెళ్తుంది గానీ బ్యాటరీ ఎక్కదు, ప్లగ్గు తీస్తే రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. ఏం తెరిచినా నత్తనడకే. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వేగం 1.19 గిగాహెర్ట్జ్ దగ్గర ఉండిపోయింది, ఎంత పని పెట్టినా కదలదు. రాత్రి ఆపితే పొద్దున్నకి తేదీ ఏళ్లు వెనక్కి పోతుంది, దాంతో సగం సైట్లు సురక్షితం కాదంటాయి. ఎడమ హింజ్ (మూత తిరిగే మడతబందు) దగ్గర ప్లాస్టిక్ పగిలింది, మూత ఎత్తితే కింది బాడీ నోరు తెరుస్తోంది. కీబోర్డులో మూడు కీలు పడవు. యూఎస్‌బీ పోర్టుల అంచులకి తుప్పు.

షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారు. నిజంగా బోర్డేనా? బాగయ్యేదైతే దేనితో మొదలుపెట్టాలి? మల్టీమీటరు, చిన్న స్క్రూడ్రైవర్ సెట్ ఉన్నాయి. సోల్డరింగ్ చేతకాదు.

గాజువాక టంకం:

బోర్డు పోయిందని అప్పుడే తేల్చకండి. మెసేజి రావడం, బ్యాటరీ ఎక్కకపోవడం, వేగం 1.19 దాటకపోవడం మూడు రోగాలు కావు, ఒకటే.

ఛార్జర్ పిన్నులోకి చూడండి. మధ్యలో సన్నటి సూది ఉంటే అది కరెంటు మోసేది కాదు, కబురు మోసేది. ఛార్జర్ లోపల చిన్న మెమరీ చిప్పు ఉంటుంది. తాను ఎన్ని వాట్ల ఛార్జరో ఆ సూది ద్వారా ల్యాప్‌టాప్‌కి చెప్తుంది. కబురు అందకపోతే ల్యాప్‌టాప్ ఆ ఛార్జర్‌ని నమ్మదు. బ్యాటరీ ఎక్కించడం ఆపేస్తుంది, ప్రాసెసర్‌ని కనిష్ఠ వేగానికి కట్టేస్తుంది. మూడో తరం ఐ5లో ఆ కనిష్ఠం 1.2 గిగాహెర్ట్జ్. మీకు కనిపిస్తున్న 1.19 అదే. ఇది తేలకుండా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు బదులు వేసే వేగమైన డిస్కు) వేసినా, ర్యామ్ పెంచినా డబ్బు దండగ, బండి అలాగే పాకుతుంది.

ఏమీ విప్పకుండా తేల్చుకునే పద్ధతి ఇదీ. ముందు టార్చి వేసి ఛార్జర్ సూది వంగిందేమో, నల్లబడిందేమో చూడండి. తర్వాత అదే రకం, అదే వాట్ల ఒరిజినల్ ఛార్జర్ ఎవరి దగ్గరైనా తెచ్చి పెట్టి చూడండి. సందుకొకటి దొరికే యూనివర్సల్ ఛార్జర్ ఈ పరీక్షకి పనికిరాదు. చాలావాటిలో ఆ చిప్పే ఉండదు, ఓల్టేజి సరిగ్గా ఇచ్చినా ఇదే మెసేజి వస్తుంది. ఒరిజినల్ పెట్టాక మెసేజి పోతే మీ ఛార్జర్‌దే తప్పు. పోకపోతే ప్లగ్గుని నెమ్మదిగా అటూ ఇటూ వంచుతూ నాలుగైదు సార్లు ఆన్ చేయండి. ఏదో ఒక కోణంలో మెసేజి రాకుండా ఉంటే తప్పు ల్యాప్‌టాప్ వైపు జాక్‌ది. ఏ కోణంలోనూ మార్పు లేకపోతే అప్పుడు బోర్డు సంగతి ఆలోచించాలి.

ఓల్టేజి చూసేటప్పుడు జాగ్రత్త. ఈ రకంలో బయటి గొట్టం నెగటివ్, లోపలి గొట్టం పాజిటివ్, వాటి మధ్య 19.5 ఓల్టులు రావాలి. మీటరు ముల్లు జారి లోపలి గొట్టాన్నీ సూదినీ కలిపితే 19.5 ఓల్టులు కబురు తీగలోకి పోతాయి. ముల్లు లావుగా ఉంటే సన్నటి గుండుసూది కట్టి చూడండి, లేదంటే ఆ పరీక్ష మానేయండి.

ఇంకొకటి. ల్యాప్‌టాప్ బాడీ ముట్టుకుంటే జివ్వుమంటోందా? అంటే ఎర్త్ అందకపోతూ ఉండవచ్చు. ఛార్జర్‌ది మూడు పిన్నుల ప్లగ్గైతే దాన్ని రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టకండి.

పెదవాల్తేరు పాఠకుడు:

చాలా థాంక్సండీ. 90 వాట్ల ఒరిజినల్ ఛార్జర్ తెచ్చి పెట్టాను. నేరుగా గుచ్చితే అదే మెసేజి. పిన్నుని పైకి ఎత్తి పట్టుకుంటే ఐదుసార్లలో మూడుసార్లు మెసేజి రాలేదు, అప్పుడు బ్యాటరీ దీపం వెలిగింది, వేగం 2.9 దాకా వెళ్లింది. అంటే జాకేనా? జాక్ మార్చడానికి సోల్డరింగ్ తప్పదా?

గాజువాక టంకం:

జాకే. 2.9 దాకా వెళ్లిందంటే బోర్డు బాగానే వింటోంది, మాట్లాడుతోంది.

ఆఫీసు రకం మోడళ్లలో చాలావాటికి జాక్ బోర్డుకి అతికి ఉండదు. జాక్, దానికి నాలుగైదు తీగలు, చివర కనెక్టర్ ఉంటాయి. మొత్తాన్ని డీసీ జాక్ కేబుల్ అంటారు. పాతది పీకి కొత్తది గుచ్చడమే, టంకం అక్కర్లేదు. కేబుల్ మీద చిన్న స్టిక్కరుంటుంది, దాని మీది పార్ట్ నంబరు చూసి అదే తెప్పించుకోండి. మోడల్ పేరు చెప్పి కొంటే తీగ పొడవు తేడా వచ్చి కూర్చోదు. మీ బండి అడుగున సర్వీస్ నంబరు ఉంటే కంపెనీ సైట్లో సర్వీస్ మాన్యువల్ పీడీఎఫ్ దొరుకుతుంది. ఏ స్క్రూ ఎక్కడిదో అందులో ఉంటుంది, విప్పే ముందు దాన్ని ఫోన్‌లోకి దించుకోండి.

ఒక్క మాట గట్టిగా చెప్తాను: ఈ బండిని ఒక్కసారే విప్పండి. పద్నాలుగేళ్ల ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది, విప్పిన ప్రతిసారీ రెండు మూడు క్లిప్పులు విరుగుతాయి. జాక్ కేబుల్, బటన్ సెల్, ఫ్యాన్, ప్రాసెసర్ వేడిని బయటికి చేరవేసే పేస్టు, హింజ్ అన్నీ ఒకసారి విప్పితే అందుతాయి. సామాన్లన్నీ చేతికొచ్చాక మొదలుపెట్టండి.

బటన్ సెల్ అంటే తేదీ నిలబెట్టేది. సీఆర్2032, 3 ఓల్టులది. మీటరు పెడితే 2.7 కన్నా తక్కువ చూపిస్తే మార్చేయడమే. చాలా ల్యాప్‌టాప్‌లలో అది పసుపు తొడుగులో రెండు తీగలతో ఉంటుంది. అలాగే తీగలతో ఉన్నదే కొనండి. మామూలు సెల్‌కి నేరుగా తీగ అతికిస్తే వేడికి పగిలే ప్రమాదముంది. కొత్తది గుచ్చే ముందు ఎర్ర తీగ పాతదాని వైపే ఉందా చూడండి, కొందరు తయారీదార్లు తారుమారుగా కడతారు.

డాబాగార్డెన్స్ బెంచి:

టంకం గారు చెప్పింది సరే గానీ, హింజ్‌ని చివరికి తోయొద్దని నా మనవి. తెరకి వెళ్లే కేబుల్ హింజ్ పక్క నుంచే పోతుంది. పగిలిన హింజ్‌తో మూత రోజూ తెరిచి మూస్తే ఆ కేబుల్ నలిగి తెర మినుకుమినుకుమంటుంది, తర్వాత తెరే పోయిందని అందరూ పొరబడతారు. సామాన్లు వచ్చేదాకా మూత తెరిచే ఉంచండి.

పగలడానికి అసలు కారణం ప్లాస్టిక్ కాదు, హింజ్ బిగుసుకుపోవడం. లోపలి గ్రీజు ఎండి, పైన ఉప్పు తుప్పు చేరి, మూత ఎత్తినప్పుడు హింజ్ తిరగాల్సింది తిరగక స్క్రూల కింది ఇత్తడి గుండీలను పెకలించేస్తుంది. అందుకే ఆరాల్డైట్ (రెండు ట్యూబుల జిగురు) పూసి బిగించేస్తే నెల రోజుల్లో మళ్లీ ఊడుతుంది. ముందు హింజ్ కడ్డీ చివరి నట్టుని పావు తిప్పు వదులు చేయండి, ఒక చుక్క గ్రీజు పెట్టండి. మూత ఏ కోణంలో వదిలినా అక్కడ నిలబడాలి, కానీ ఒక చేత్తో తెరిస్తే కింది బాడీ లేవకూడదు. అదీ కొలత.

తర్వాత అతుకు. ఊడిన ఇత్తడి గుండీలు పారేయకండి, పగిలిన ముక్కలూ దాచండి. ప్లాస్టిక్‌ని 120 నంబరు గరుకు కాగితంతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. గుండీల్ని ముందే హింజ్‌కి స్క్రూలతో బిగించి, ఆ హింజ్‌ని దాని స్థానంలో పెట్టి అప్పుడు అంటించాలి. విడిగా అంటిస్తే అర మిల్లీమీటరు జరిగినా తర్వాత స్క్రూ పట్టదు. స్క్రూ మరలకి కొద్దిగా వాజలైన్ రాస్తే అవి జిగురుకి అతుక్కోవు. ఆరాల్డైట్‌లో ఐదు నిమిషాల రకం వద్దు, మామూలు రకం తీసుకోండి. రెండు ట్యూబులూ సమానంగా కలిపి, పలచటి ఫైబర్ గుడ్డ ముక్క గానీ దోమతెర ముక్క గానీ మధ్యలో పొదిగి పూయండి, 24 గంటలు కదపొద్దు. ఫెవిక్విక్ లాంటివి అసలు వాడకండి. గట్టిపడ్డాక పెళుసుగా విరుగుతాయి, వాటి ఆవిరి చుట్టుపక్కల తెల్లటి పొర పెడుతుంది.

స్క్రూలు ఎక్కడివక్కడే వెళ్లాలి. హింజ్‌కి పొడుగు స్క్రూ, పామ్‌రెస్ట్‌కి (అరచేతులు ఆనించే పై పలకకి) పొట్టి స్క్రూ ఉంటాయి. తారుమారైతే పొడుగుది పైకి పొడుచుకొస్తుంది. అట్టముక్క మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ తీస్తే దాన్ని అక్కడే గుచ్చండి.

ఫ్యాన్ సంగతి. బయటి నుంచి గాలి కొడితే శుభ్రమవదు. ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య దుమ్ము కంబళిలా పేరుకుని ఉంటుంది. బయటి నుంచి ఊదితే అది వెనక్కి జరిగి మళ్లీ అక్కడికే చేరుతుంది. ఫ్యాన్ విప్పి ఆ పొరను చేత్తో తీయాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకోండి. హీట్ సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు భాగం) స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలుంటాయి. బిగించేటప్పుడు ఆ వరసలో, ఒక్కోటీ కొంచెం కొంచెంగా బిగించాలి. పాత పేస్టు పూర్తిగా తుడిచి, బియ్యపు గింజంత కొత్తది మధ్యలో పెడితే చాలు. ఎక్కడైనా మెత్తటి థర్మల్ ప్యాడ్ ఉంటే దాని స్థానంలో పేస్టు పూయకండి. ఆ సందు మిల్లీమీటరు దాకా ఉంటుంది, పేస్టు దాన్ని నింపలేదు.

కీబోర్డు మీద సమయం పెట్టొద్దు. పనిచేయని మూడు కీలూ దగ్గరదగ్గరవైతే లోపలి పొర మీద ఒక గీత తెగినట్టు. రిబ్బన్ కేబుల్ ఒకసారి పీకి, తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. లేకపోతే కొత్త కీబోర్డు వేయడమే.

లినక్స్ వాల్తేరు:

హార్డ్‌వేర్ పెద్దలు చూసుకున్నారు కాబట్టి మిగతాది చెప్తాను.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్ నుంచే, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కూడా కావాలి. దొంగదారిన ఎక్కించవచ్చు గానీ బండికి భారం. నెట్ పనికి విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్ 22, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేయండి. దానికి 2029 దాకా అప్‌డేట్లున్నాయి.

కానీ అన్నిటికన్నా ముందు డేటా. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో ప్రోగ్రాం తెరిచి 05, సీ5, సీ6 వరసలు చూడండి. మూడూ సున్నా అయితే డిస్కు ఆరోగ్యంగానే ఉందనుకోవచ్చు. సీ5లో అంకె ఉంటే డిస్కు మీద చదవలేని చోట్లున్నాయి. ఇంకే పరీక్షలూ పెట్టకుండా ఫైళ్లు బయటికి తీసేయండి. డీఫ్రాగ్, చెక్‌డిస్క్ లాంటివి అప్పుడు నడిపితే డిస్కు ఇంకా త్వరగా పోతుంది.

ఎస్‌ఎస్‌డీ 2.5 అంగుళాల సాటా రకం, 7 మిల్లీమీటర్ల మందం, 256 జీబీ చాలు. వెడల్పు తక్కువ, పొడుగ్గా ఉండే ఎన్‌వీఎంఈ దీనికి పట్టదు. బయాస్‌లో (ఆన్ చేయగానే తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) సాటా మోడ్, అంటే డిస్కుతో మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐ అని ఉందా చూడండి. లేకుంటే, పాత విండోస్‌నే వాడేట్టయితే నేరుగా మార్చొద్దు, మారిస్తే అది నీలి తెర చూపిస్తుంది. ర్యామ్ డీడీఆర్3, 204 పిన్నుల చిన్న స్టిక్కు. 1.35 ఓల్టుల డీడీఆర్3ఎల్ కూడా ఇందులో పనిచేస్తుంది. 4 జీబీవి రెండు వేయండి, 8 జీబీవి ఒక్కటి వద్దు. జంటగా ఉంటేనే గ్రాఫిక్స్‌కి రెండు దారులు దొరుకుతాయి. కొత్తవి అరుదు కాబట్టి ద్వారకానగర్, డాబాగార్డెన్స్ షాపుల్లో దొరికేవి ఎక్కువగా వేరే బండ్లలోంచి తీసినవే. తెచ్చిన రాత్రే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ పెట్టి పొద్దుటిదాకా వదిలేయండి. ఒక్క ఎర్ర గీత వచ్చినా వెనక్కి ఇచ్చేయండి.

అను ఫాంట్ల విషయం మీకు అసలైనది. అందులో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. లినక్స్‌లో వైన్ (విండోస్ ప్రోగ్రాంలను నడిపించే సాధనం) మీద పేజ్‌మేకర్‌ని నడిపించే ప్రయత్నంలో రోజులు పోగొట్టుకోకండి. పాత విండోస్‌ని ఎస్‌ఎస్‌డీలో 80 జీబీ భాగంలోకి అలాగే కాపీ చేసి, డివైస్ మేనేజర్‌లో వైఫై, లాన్ రెండూ డిసేబుల్ చేయండి. ఆ విండోస్ అను పనికి, ప్రింటుకి మాత్రమే. నెట్ అంతా మింట్‌లో. రెండింటి మధ్య ఫైళ్లు మార్చుకోవాలంటే విండోస్‌లో త్వరగా ఆన్ అయ్యేందుకు ఉండే ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. లేకపోతే లినక్స్ ఆ భాగాన్ని చదువుతుంది గానీ రాయనివ్వదు. ఇంకో చిక్కు: ఆన్ అయ్యే పద్ధతులు రెండు, పాతది లెగసీ, కొత్తది యూఈఎఫ్ఐ; పాత విండోస్ లెగసీ పద్ధతిలో ఉంటే మింట్ యూఎస్‌బీని కూడా లెగసీలోనే బూట్ చేసి ఎక్కించండి. ఒకటి లెగసీ, ఒకటి యూఈఎఫ్ఐ అయితే ఆన్ చేసేటప్పుడు రెండింటి మెనూ రాదు.

మింట్‌లో యూనికోడ్ తెలుగుకి ఐబస్, ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీలు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డు అమరిక), ఐట్రాన్స్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి) రెండూ వస్తాయి.

యూట్యూబ్ గురించి ఎవరూ చెప్పరు, చెప్తాను. ఈ ప్రాసెసర్‌లోని హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్‌కి హెచ్.264 వీడియోని సొంతంగా విప్పడం వచ్చు. వీపీ9, ఏవీ1 అనే కొత్త వీడియో రకాలు రావు. యూట్యూబ్ మామూలుగా ఆ రెండే పంపుతుంది, అప్పుడు భారమంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ మోత మోగుతుంది. బ్రౌజర్‌లో హెచ్264ఐఫై అనే ఎక్స్‌టెన్షన్ వేసి 720 దగ్గర పెడితే అదే పాఠం నిశ్శబ్దంగా నడుస్తుంది.

భీమిలి రోడ్డు:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాదీ సముద్రం పక్కనే. ఈ తుప్పు మళ్లీ మళ్లీ రాకుండా ఏమైనా చేయవచ్చా? ఆల్కహాల్‌తో తుడిచినా వారానికే యూఎస్‌బీ పోర్టు పచ్చగా అవుతోంది.

గాజువాక టంకం:

ఆల్కహాల్‌తో తుడిచినా అని మీరన్నారే, అక్కడే ఉంది కిటుకు. ఉప్పు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరగదు. జిడ్డు పోతుంది, ఉప్పు అక్కడే మిగులుతుంది. ఉప్పు రేణువుకి ఒక గుణముంది: గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తాను నీరు పీల్చుకుని కరుగుతుంది. మన ఊళ్లో రాత్రిళ్లు ఆ గీత దాటడం మామూలే. ఆ తడిపొర కరెంటు ప్రవహించే ద్రవం, అందులో పక్కపక్కనున్న లోహాలకి తుప్పు త్వరగా పడుతుంది.

అందుకని ముందు నీళ్లు, తర్వాత ఆల్కహాల్. ఛార్జర్ తీసి, బ్యాటరీ తీసి, బటన్ సెల్ కూడా పీకండి. ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో మెత్తటి పళ్ల బ్రష్షుని ముంచి, విదిలించి, తడి మాత్రమే మిగిలేలా చేసి పోర్టుని రుద్దండి. కుళాయి నీళ్లు వద్దు, అందులోనూ లవణాలే. ఆ వెంటనే 99 శాతం ఆల్కహాల్‌తో ఇంకో బ్రష్షు. అది నీటిని లాక్కుని ఆవిరైపోతుంది. చేతులకి రాసుకునే శానిటైజరు వాడకండి, అందులో గ్లిజరిన్ ఉంటుంది, జిగురు మిగులుతుంది. ఫ్యాన్ కింద ఒక రోజు ఆరబెట్టి అప్పుడు బిగించండి. ర్యామ్ కాళ్లకీ ఇదే పద్ధతి. రబ్బరుతో రుద్దితే గట్టిగా రుద్దకండి, బంగారు పూత చాలా పలచన.

తర్వాత వాడకం. సముద్రం వైపు తెరిచిన కిటికీ ముందు పెట్టి నడపొద్దు, ఫ్యాన్ ఆ ఉప్పునంతా లోపలికి పీల్చుకుంటుంది. వాడనప్పుడు మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో 100 గ్రాముల సిలికా జెల్‌తో పెట్టండి. ఆరెంజ్ రంగుది కొనండి, పచ్చబడితే తేమ నిండినట్టు, 120 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఉంచితే మళ్లీ ఆరెంజ్ అవుతుంది. అన్నిటికన్నా మంచిది వాడటమే. వారానికి రెండుసార్లు గంటసేపు నడిచిన బండి తన వేడికి తానే ఆరుతుంది.

పెదవాల్తేరు పాఠకుడు:

జాక్ కేబుల్, బటన్ సెల్, పేస్టు, ఆరాల్డైట్, ఎస్‌ఎస్‌డీ రాసుకున్నాను. డిస్కులో సీ5 దగ్గర 8 ఉంది, ఫైళ్లు ఇప్పుడే పెన్‌డ్రైవ్‌లోకి తీస్తున్నాను. ఒక్కటే సందేహం: బ్యాటరీ కూడా ఇప్పుడే కొనాలా?

గాజువాక టంకం:

ఇప్పుడే వద్దు. ఇన్నాళ్లూ ఎక్కలేదు కాబట్టి దాని అసలు సత్తువ ఎంతో మీకూ తెలియదు. జాక్ మారాక పూర్తిగా ఎక్కించి, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, వాలుగీత, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషులో కొట్టండి. డిజైన్ కెపాసిటీ ఎంత, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ ఎంత అని ఫైలు ఇస్తుంది. సగం పైనుంటే ఉంచేయండి. పాతిక శాతం కన్నా తక్కువుంటే మార్చండి. ఉబ్బి ఉంటే మాత్రం అంకెలు చూడక్కర్లేదు, వెంటనే తీసి పక్కన పెట్టండి. గుచ్చకండి, చెత్తబుట్టలో వేయకండి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.

బ్యాటరీ తీసేసి ఛార్జర్ మీదే నడుపుదామని అనుకోవచ్చు. కొన్ని మోడళ్లు బ్యాటరీ లేకపోయినా వేగం తగ్గిస్తాయి, మీ బండి ఏం చేస్తుందో ఒకసారి తీసి టాస్క్ మేనేజర్ చూడండి. కొత్తది కొనేటప్పుడు పెట్టె మీద తయారీ తేదీ అడగండి. లిథియం సెల్ వాడకపోయినా ముసలిదవుతుంది, ఐదేళ్లు గోదాములో ఉన్నది ఒరిజినల్ అయినా వద్దు. బయాస్‌లో ఛార్జింగ్ హద్దు పెట్టే వీలుంటే 50 దగ్గర మొదలై 80 దగ్గర ఆగేలా పెట్టండి, ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే బండికి అదే సరైంది.

డాబాగార్డెన్స్ బెంచి:

సీ5లో 8 ఉంది కాబట్టి విండోస్‌ని ఎస్‌ఎస్‌డీకి కాపీ చేసేటప్పుడు మామూలు క్లోనింగ్ మధ్యలో ఆగిపోవచ్చు. మింట్ లైవ్ యూఎస్‌బీ (ఎక్కించకుండానే యూఎస్‌బీ నుంచి నడిచే మింట్) నుంచి డీడీరెస్క్యూ వాడండి. అది చదవగలిగినవన్నీ ముందు లాగేసి, మొండికేసిన చోట్లకి చివర్లో వస్తుంది. మీ డిస్కు 500, ఎస్‌ఎస్‌డీ 256 కాబట్టి నేరుగా పట్టదు. విండోస్ భాగాన్ని ముందు బయటి హార్డ్ డిస్కులోకి ఇమేజ్‌గా తీసుకుని, అక్కడ ఆ ఇమేజ్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని (విండోస్ ఫైళ్ల భాగాన్ని) కుదించి అప్పుడు ఎస్‌ఎస్‌డీలో పెట్టాలి. పాత డిస్కు మీద కుదించే పని పెట్టొద్దు. అను సీడీ, పేజ్‌మేకర్ సీడీ మీ దగ్గరుంటే ఈ తిప్పలేవీ వద్దు, ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ కొత్తగా వేసుకోండి, ముందు విండోస్, తర్వాత మింట్.

పెదవాల్తేరు పాఠకుడు:

సీడీలు రెండూ ఉన్నాయండీ. కొత్తగానే వేస్తాను. జాక్ కేబుల్ పార్ట్ నంబరు మాన్యువల్‌లో దొరికింది, ఆర్డర్ పెట్టాను. వచ్చేదాకా మూత తెరిచే ఉంచాను.